రెండు కేసుల పిల్ల

ఆ గురువారం పొద్దున్న షాలిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క కూల్‌డ్రింకు కేసును వీపున వేసుకుని, ఊరి అవతలి కొసన ఉన్న మికెల్ కొట్లో తిరిగి ఇచ్చేసి, బదులుగా చిక్కుడు గింజలు తెచ్చుకోవాలి. వెళ్ళడానికి అరగంట, రావడానికి పావుగంట. వచ్చేటప్పుడు దిగుడు కదా! ఇంత చిన్న పథకాన్ని చెడగొట్టడానికి దేవుడికి కూడా తీరిక ఉండదనుకున్నాడు. దేవుడికి లేకపోవచ్చు. పాత్‌విట్స్ ఊరికి ఉంది.

కేసు వెనక ఇంకో కేసుంది. సరిగ్గా వారం క్రితం, కొండ మీది ఆస్పత్రికి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ హిమేనా, షాలిక్ కూతురు లోషాని తూకం మీద నిలబెట్టింది. తొమ్మిదేళ్ళ పిల్ల. యాభై రెండు కిలోలు. తర్వాత వేలు గుచ్చి రక్తపు చుక్క తీసి, చిన్న యంత్రంలో పెట్టి, అంకె చూసి, కుర్చీలో వెనక్కి వాలింది. షాలిక్ కుర్రతనంలో పట్నంలో ఇటుకలు మోశాడు. ఇటుకలతో పాటు నాలుగు స్పానిష్ మాటలు కూడా మోసుకొచ్చాడు కాబట్టి ఊళ్ళో చాలామందికి అర్థం కాని ఆవిడ మాట అతనికి తెలుస్తుంది.

"రోజుకి ఎన్ని సీసాలు?"

"మూడు."

"ఇంటికా?"

"పిల్లకి."

"ఎప్పట్నుంచి?"

"పాలు మాన్పించినప్పట్నుంచి."

డాక్టరమ్మ ఒక కాగితం మీద ఏదో రాసి, ఠపీమని ముద్ర కొట్టింది. "పిల్ల అంచు మీద ఉంది. ఇంట్లో చుక్క ఉండకూడదు. వచ్చే గురువారం మళ్ళీ తీసుకురా. అంచు దాటిందో, ఇక సూదే. రోజూ. బతికినంత కాలం."

దిగుతూ దిగుతూ షాలిక్ లెక్క వేసుకున్నాడు. నిండు కేసు ఇరవై ఆరు కిలోలు. పదిహేనో ఏట నుంచి నుదుటి పట్టీతో మోస్తున్నాడు కాబట్టి ఆ బరువు తూకాన్ని అడగక్కర్లేదు, మెడ చెబుతుంది. అంటే తన కూతురు రెండు కేసులు. కన్నవాళ్ళకి పిల్లలు బరువు కాదంటారు. ఆ మాట అన్నవాడెవడూ కేసులు మోసి ఉండడు.

లోషా ఒట్టు పెట్టుకుంది. గురువారం దాకా ముట్టనంది. ఆరు రోజులు నిజంగానే ముట్టలేదు. బుధవారం సాయంత్రం షాలిక్ పొలం నుంచి వచ్చేసరికి పిల్ల కేసు ముందు బాసింపట్టు వేసుకుని, సీసాల మూతలని వేలితో ఒక్కొక్కటే తడుముతూ కూర్చుంది. తాగడం లేదు. ఊరికే పలకరిస్తోంది. అప్పుడే అతను నిర్ణయించుకున్నాడు, రేపు పొద్దెక్కేసరికి ఇది గడప దాటాలని.

"పారబోసెయ్యకూడదూ?" అంది భార్య మారుచ్.

"నోర్ముయ్యవే!" పొయ్యి పక్క నుంచి షాలిక్ తల్లి మతల్ అరిచింది. "చనిపోయినవాళ్ళ పండక్కి వాళ్ళ ముందు పెట్టింది. పారబోస్తే మీ మావగారు సమాధిలోంచి లేచొచ్చి అడుగుతాడు." మతల్‌కి నాలుగేళ్ళ క్రితం కుడి పాదం తీసేశారు. తీసింది చక్కెర అని పెద్దాస్పత్రివాళ్ళు అన్నారు. మతల్ ఒప్పుకోలేదు. "చక్కెర కాదు, కళ్ళు. పొరుగువాళ్ళ కళ్ళు" అని ఇప్పటికీ అంటుంది. పాదం పోయినా పట్టు పోలేదు.

గురువారం తెల్లవారకముందే షాలిక్ లేచాడు. కొట్టు నుంచి అటే ఆస్పత్రికి వెళ్ళాలి కదా అని ఉతికిన తెల్ల ఉన్ని అంగీ తొడుక్కున్నాడు. కేసు వీపున ఎత్తుకుని పట్టీ నుదుటికి తగిలించాడు.

"నాన్నా, మరి దాహమేస్తే?" దుప్పట్లోంచి లోషా అడిగింది.

"నీళ్ళు తాగమ్మా."

"కుళాయికే దాహమేస్తోంది నాన్నా. మూడ్రోజులైంది."

"అమ్మ కాచిన నీళ్ళు గ్లాసుడున్నాయి. అమ్మతో ఆస్పత్రికి వచ్చెయ్. నేనక్కడికే వస్తా."

పాత్‌విట్స్‌లో ఒక మనిషి తెల్లంగీ వేసుకుని, వీపున కేసు పెట్టుకుని, పొద్దు పొడవకముందు ఒకరి గుమ్మంలో దించాడంటే, అతను ఏదో అడగడానికి వచ్చినట్టు. అయితే తప్పు కాయమని, కాకపోతే పిల్లనిమ్మని. ఇంటివాళ్ళు సీసా మూత తీసి తాగారంటే ఒప్పుకున్నట్టు. మూత తీశాక మాట తియ్యకూడదు. తాతల కాలంలో దీనికి సారా ఉండేది. సారాతో సంసారాలు కూలుతున్నాయని పెద్దలు ఆలోచించి, అందరి ఆరోగ్యం కోసం కూల్‌డ్రింకుకి మార్చారు. ఇదంతా షాలిక్‌కి తెలియదా? నలభై ఏళ్ళుగా తెలుసు. ఎవరి కంటా పడకూడదనే చీకటితో బయల్దేరాడు. అడగడానికి వెళ్ళేవాళ్ళు బయల్దేరేదీ చీకటితోనేనన్న ముక్క ఆ ఒక్క పొద్దునే గుర్తుకు రాలేదు. కూతురు నిండిన బుర్రలో ఊరికి చోటెక్కడ?

ఊరి మధ్యకి రాగానే నుదుటి పట్టీ పుటుక్కున తెగింది. సీసాలు పగలకుండా కేసుని ఒడుపుగా పక్కనున్న మెట్టు మీదికి జార్చాడు. జార్చాక చూసుకుంటే అది పెతుల్ ఇంటి మెట్టు.

పెతుల్‌కీ షాలిక్‌కీ మూడేళ్ళుగా మాటల్లేవు. పెతుల్ గొర్రె షాలిక్ మొక్కజొన్న చేను మేసింది. షాలిక్ ఆ గొర్రెని తిట్టబోయి పెతుల్‌ని తిట్టాడు. గొర్రె ఆ తర్వాత చచ్చిపోయింది కానీ గొడవ చావలేదు.

కుక్క మొరిగింది. తలుపు తెరుచుకుంది. పెతుల్ దుప్పటి కప్పుకుని నిలబడి తెల్లంగీని చూశాడు, కేసుని చూశాడు.

"పట్టీ తెగిందన్నా" అన్నాడు షాలిక్.

"తెగాల్సింది తెగిందిరా తమ్ముడూ! నీ పంతం తెగింది. మూడేళ్ళు చూశాను నీకోసం. 'వాడికి పొగరు, రాడు' అంది మీ వదిన. 'వస్తాడే, మంచి రోజు చూసుకుని వస్తాడు' అన్నాను నేను."

"అన్నా, అది కాదు..."

"ఇంకేం చెప్పకు. చెబితే ఏడుస్తాను." చెప్పకుండానే ఏడ్చాడు.

'ఈ కేసు నీకోసం కాదు, మికెల్ కొట్టుకోసం' అన్న మాట షాలిక్ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే మూడేళ్ళ పగ ముప్పై ఏళ్ళవుతుంది. అతను నాలుక వెనక్కి లాక్కునేలోపు పెతుల్ పళ్ళతో మూత పీకేశాడు. ఇంటిల్లిపాదీ ఆరు సీసాలు లాగించారు. బరువు దించుకుందామని బయల్దేరితే దిగింది పగ. పోనీలే, మంచిదేగా, ఆ మేరకు కేసూ తేలికైంది అనుకున్నాడు షాలిక్. తప్పనుకున్నాడు.

"గొర్రె నాది. నీది ఒక కేసు తప్పయితే నాది రెండు కేసుల తప్పురా!" అని పెతుల్ లోపలి నుంచి రెండు నిండు కేసులు తెప్పించాడు. "పద, నీ ఇంట్లో దించి వస్తాం. మా కోడలు ఒకటి, నేను ఒకటి."

"ఇంటికొద్దు!" షాలిక్ కెవ్వుమన్నాడు. "నేను... కొట్టుకెళ్తున్నాను."

"కొట్టుకా? చేతిలో మూడు కేసులుండగా కొట్టెందుకు?" పెతుల్ బుర్ర గీరుకున్నాడు. మూడు కేసులు. తెల్లంగీ. ఇంకా చాలవట. అలా కేసులు కూడబెట్టే పని లోకంలో ఒకటే. అతని మొహం వెలిగింది. "దొంగా! మీ తమ్ముడు అంతున్‌కి పిల్లనడగబోతున్నావు కదూ? ముప్పై నాలుగేళ్ళొచ్చాయి వాడికి. కతల్ కూతురేగా? పొద్దస్తమానం వాళ్ళ గోడ మీదే కూర్చుంటాడు. నువ్వు మాట్లాడకు. పెళ్ళికొడుకు అన్న మాట్లాడకూడదు. అడగడం నా వంతు."

"అన్నా, నా మాట..."

"మాట్లాడకూడదన్నానా!"

కతల్ అంటే ఊళ్ళో అందరికీ హడల్. మొగుడు పోయాక ఒంటిచేత్తో మగ్గం నేసి కూతుర్ని పెంచింది. పిల్లనడగడానికి వచ్చినవాళ్ళని పిల్ల తల్లి తిట్టి తీరాలి. అది పద్ధతి. ఎంత తిడితే అంత ఇష్టమని లెక్క. కతల్ పద్ధతి తప్పే మనిషి కాదు. మూడు కేసులూ తన గుమ్మంలో దిగగానే మొదలెట్టింది.

"ఎవడి శవం లేచిందని తెల్లారకుండా దాపురించారు? షాలిక్ తమ్ముడికా నా పిల్ల? వాడు ఆనుకుంటే గోడకి సిగ్గేస్తుంది! వాడు చేసిన ఒకే ఒక్క పని పుట్టడం. అదీ వాళ్ళమ్మ చేసింది!"

పెతుల్ పొంగిపోయాడు. "తిడుతోంది! ఇంకా తిట్టు వదినా, ఇంకా!"

లోపల కూతురు కిసుక్కున నవ్వింది. కతల్ ఊపిరి తీసుకుని, రెండో విడత మొదలెట్టబోతూ, చెయ్యి మెల్లిగా కేసు మీదికి చాచింది. ఆ చెయ్యి మూత తీస్తే తమ్ముడి పెళ్ళి, పెళ్ళికి యాభై కేసులు, అవన్నీ దిగేది తన ఇంట్లోనే. షాలిక్ ఇక ఆగలేకపోయాడు.

"కతల్ వదినా! నేను పిల్లనడగడానికి రాలేదు!"

చుట్టుపక్కల కిటికీలు ఎప్పుడో తెరుచుకుని ఉన్నాయి. ఇప్పుడు నోళ్ళు కూడా తెరుచుకున్నాయి. కతల్ చెయ్యి గాల్లో ఆగింది. ఇంతసేపూ ఆవిడ తిట్టింది పద్ధతి ప్రకారం. ఇప్పుడు వచ్చిన మాటలు ఏ పద్ధతిలోనూ లేవు.

"అయితే నా గుమ్మంలో మూడు కేసులు ఊరేగించి, ఊరంతా వినేట్టు నా పిల్ల వద్దని చెప్పడానికొచ్చావా? నా కూతురు అంత తీసిపోయిందా? నడువు, న్యాయాధికారి దగ్గరికి నడువు!"

పరువు కూడా బరువైనదేనని షాలిక్‌కి అప్పుడు తెలిసింది. మోసేవాడికి కాదు, పడేసినవాడికి.

న్యాయాధికారి లోల్ తాతకి డెబ్బై రెండేళ్ళు. పంచాయతీ బల్ల మీద వెండి పొన్ను కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. చూపు తగ్గింది కానీ చూడ్డం తగ్గలేదు. ఆయన ముందు మూడు కేసులు, నలభై మంది జనం, మధ్యలో షాలిక్.

"సూర్యుడింకా కొండెక్కలేదు" అన్నాడు లోల్ తాత. "ఈలోపు నువ్వు పెతుల్‌ని క్షమాపణ అడిగావు, కతల్ ఇంటికి కేసులు మోశావు, పిల్ల వద్దన్నావు. ఒక్క పొద్దుట్లో ఇన్ని చేసినవాడు ఇంకేదో పెద్దది దాస్తున్నాడు. ఏం చేశావురా?"

షాలిక్‌కి ఏడుపొచ్చింది. అంగీలోంచి మడత కాగితం తీసి ఆయన చేతిలో పెట్టాడు. "ఏం చెయ్యలేదు తాతా. ఇంట్లోంచి ఈ కేసు పంపించేద్దామనుకున్నాను. అంతే."

లోల్ తాత కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని ముద్రని వేలితో తడిమాడు. ముద్రకి తలకిందులేముంది? "ముద్రున్న కాగితం. అంటే ఫిర్యాదు. ఎవరిచ్చారు?"

"డాక్టరమ్మ. ఫిర్యాదు కాదు తాతా, మా లోషా ఒంట్లో చక్కెర..."

"లోషా మీద డాక్టరమ్మ ఫిర్యాదిచ్చింది" అని తాత జనానికి చెప్పాడు. "గడువెప్పుడు?"

"ఇవాళే. కానీ..."

"తేల్చుకోకపోతే శిక్షేమిటి?"

"సూది. రోజూ. బతికినంత కాలం."

జనం ఒక్కసారి ఉలిక్కిపడ్డారు. ముందుగా నోరు విప్పింది పెతుల్. "తొమ్మిదేళ్ళ పిల్లకా? కొడవలితో నరికినవాడికి కూడా అంత శిక్ష వెయ్యలేదు కదా తాతా మనం!"

కతల్ కొంగుతో కళ్ళొత్తుకుంది. "నా ఫిర్యాదు వదిలేస్తున్నాను. పిల్ల కన్నా పరువెక్కువా? షాలిక్, ఈ మాట ముందే చెప్పి ఏడవచ్చుగదయ్యా!"

"చక్కెర తగ్గాలి వదినా, సీసాలు..."

"తగ్గుతుందిరా" అన్నాడు లోల్ తాత, అతని భుజం తట్టి. "అడగాల్సిన పద్ధతిలో ఎవరూ అడగలేదు, అందుకే ఆ అమ్మ అంత కోపంగా ఉంది. ఊరంతా కలిసి అడిగితే ఏ మనిషి కాదంటాడు? పదండి."

ఊరు మంచిది. అదే చిక్కు. దారిలో ప్రతి ఇంటి ముందు ఎవరో ఒకరు "లోషా కోసం" అంటూ ఒక కేసు తెచ్చి కలిపారు. చలికాలం కట్టెలు కూడా లేని ముసలావిడ ఒకతె అరకేసు తెచ్చి, "నా దగ్గర ఇంతే ఉంది నాయనా" అని కళ్ళు తుడుచుకుంది. కొండ ఎక్కేసరికి పదకొండున్నర కేసులు. షాలిక్ చివర్న ఖాళీ చేతులతో నడిచాడు. మోయడానికి ఏమీ లేనప్పుడు అతని మెడ అంత నొప్పి పుట్టడం అదే మొదటిసారి.

ఆస్పత్రి అరుగు మీద లోషా తల్లి పక్కన కూర్చుని ఉంది. తండ్రిని చూసి ఎగిరి దూకింది. "నాన్నా! కిలోన్నర తగ్గాను! అంకె కూడా దిగిందట. డాక్టరమ్మ నా నెత్తి మీద ముద్దెట్టుకుంది. ఏడో రోజు నాన్నా, ఒక్క చుక్క..." అని వెనక వస్తున్న జనాన్ని చూసి ఆగింది. "ఇన్ని ఎవరికి?"

షాలిక్ కూతురి చెయ్యి పట్టుకుని పక్కకి జరిగాడు.

డాక్టరమ్మ హిమేనా బయటికి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. ఊరికి వచ్చి మూడు వారాలు. తెల్లారకముందు నుంచి తల్లులకి చెప్పిందే చెప్పి గొంతు బొంగురుపోయింది, పెదాలు పగిలాయి. ఆస్పత్రికి సోమవారం రావాల్సిన మంచినీళ్ళ డబ్బా ఇంకా రాలేదు. కుళాయి సంగతి లోషా చెప్పనే చెప్పింది.

లోల్ తాత కర్ర కింద పెట్టి, తలపాగా తీసి, ఆవిడ ముందు తల వంచాడు. పాత్‌విట్స్ పెద్ద ఎవరి ముందూ తల వంచగా ఊరు చూడలేదు. తమ భాషలో చాలాసేపు మాట్లాడాడు. పిల్ల చిన్నదన్నాడు, తండ్రి తెలివితక్కువవాడన్నాడు, కోపం కడిగేసుకొమ్మన్నాడు. తర్వాత మూత తీసిన సీసా రెండు చేతులతో పట్టుకుని ముందుకు చాచాడు.

డాక్టరమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ముసలాయన కళ్ళలో నీళ్ళు మాత్రం అర్థమయ్యాయి. సీసా మీద చల్లటి చెమట కూడా.

"తాగకండమ్మా!" షాలిక్ స్పానిష్‌లో అరిచాడు.

ఆవిడ అలసటగా నవ్వింది. "ఆ మాట నేను చెప్పాలి షాలిక్. నీళ్ళున్నాయా?"

"లేవు."

"కొట్లో?"

"కొట్లో నీళ్ళు అమ్మరు. ఇదే."

"మరి?" అని ఆవిడ సీసా అందుకుని, కళ్ళు మూసుకుని, సగం దాకా గటగటా తాగింది.

లోల్ తాత కర్ర తీసుకుని మూడుసార్లు నేలకి కొట్టాడు. జనం హోరుమన్నారు. మారుచ్ కూతుర్ని వాటేసుకుని ఏడ్చింది. పెతుల్ అప్పుడే కేసులు అరుగు మీద పేర్చడం మొదలుపెట్టాడు.

"ఆయనేమన్నాడు?" డాక్టరమ్మ మూతి తుడుచుకుంటూ అడిగింది.

"మీరు క్షమించేశారని."

"ఎవర్ని?"

"చక్కెరని."

ఆవిడ చేతిలో సీసా వంక చూసుకుంది. దాన్ని వీపు వెనక దాచుకుంది, ఇప్పుడు దాచి లాభమున్నట్టు. "నేను... దాహమేసి తాగాను."

"మా పిల్లా అందుకేనమ్మా తాగింది" అన్నాడు షాలిక్.

ఇక మిగిలింది ఒక్కటే. ఎవరి గురించి రాజీ జరిగిందో వాళ్ళు చివరి సీసా తాగాలి. తాగకపోతే ఆ పొద్దున్న కుదిరినవన్నీ విరిగిపోతాయి. పెతుల్ మూడేళ్ళు తిరిగొస్తాయి, కతల్ ఫిర్యాదు తిరిగొస్తుంది, తాత వంచిన తల వంచినట్టే ఉండిపోతుంది. తాత సీసా మూత తీసి లోషా చేతిలో పెట్టాడు.

"దాని బదులు నేను తాగుతాను తాతా" షాలిక్ ముందుకొచ్చాడు.

"ఫిర్యాదు నీ మీద కాదుగదరా."

డాక్టరమ్మ ముందుకు వచ్చి "వద్దు, పాపకి వద్దు!" అని స్పానిష్‌లో అరిచింది. ఆనందం పట్టలేక అరుస్తోందనుకుని జనం చప్పట్లు కొట్టారు. షాలిక్ ఆవిడ మాటని తమ భాషలోకి మార్చి మరీ అరిచాడు. చప్పట్లలో అది పెతుల్‌కి కూడా వినపడలేదు.

లోషా తండ్రి చెవి దగ్గర నోరు పెట్టింది. "నేను తాగకపోతే పెతుల్ పెదనాన్న మళ్ళీ మనతో మాట్లాడడా?"

షాలిక్ కూతురి వంక చూశాడు. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాడు. రాలేదు.

"పోన్లే నాన్నా. ఒక్కటేగా."

తాగింది. మొదటి గుక్క మెల్లిగా, రెండోది గబగబా, ఆ తర్వాత ఆపకుండా, ఆరు రోజులు విడిచి ఉన్న చుట్టాన్ని కౌగిలించుకున్నట్టు. అడుగుదాకా తాగి, పెద్దగా త్రేన్చింది. త్రేన్పుతో పాటు ఒంట్లోని చెడు బయటికి పోతుందని ఊరి నమ్మకం. "పోయింది! పిల్లకి పట్టింది పోయింది!" అని కతల్ మెటికలు విరిచింది.

మిగిలిన కేసులు, పద్ధతి ప్రకారం, రాజీ కుదిరినవాళ్ళ ఇంటికే చేరాలి. ఊరే మోసుకొచ్చి షాలిక్ ఇంట్లో గోడవారగా పేర్చింది. మతల్ పొయ్యి పక్క నుంచి తృప్తిగా చూసి, "చెప్పానా, చక్కెర కాదు, కళ్ళని" అంది. సాయంత్రానికి కుళాయిలో నీళ్ళొచ్చాయి. లోషా లేచి చూడలేదు.

ఆ రాత్రే రాయించిన రాజీ కాగితం ఇప్పటికీ పంచాయతీ గోడకి వేలాడుతోంది. దాని మీద ఊరందరి వేలిముద్రలూ ఉన్నాయి, చక్కెరది తప్ప.